సంఘం వేరు, గుంపు వేరు



మన పెద్దవాళ్లు మాటల మధ్యలో తరచూ ఒక సామెత వాడతారు: నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా. నలుగురూ ఏదంటే మనమూ అదే అనేస్తే గొడవ ఉండదని దాని అర్థం. దీక్ష తీసుకున్న మనం నారాయణుణ్ని వదిలేశాం, గోవిందుణ్ని వదిలేశాం. మరి ఆ సామెతలో మిగిలిన రెండు మాటలు, ‘నలుగురితో’, ‘గుంపులో’ అన్నవి? వాటిని కూడా వదిలామా? ఈ పాఠం అడిగే ప్రశ్న ఇదే.

అడగాల్సిన అవసరం ఉంది. మన ఊళ్లలో బౌద్ధ కుటుంబాలు తక్కువ. ఒక వాడలో నాలుగిళ్లు, ఒక పట్టణంలో ఒక చిన్న విహారం, అది కూడా లేకపోతే ఒక అద్దె హాలు. కొద్దిమందిమే కాబట్టి అందరం ఒక్క మాట మీద ఉండాలన్న ఆరాటం మనకు ఎక్కువ. ఆరాటం మంచిదే. కానీ దానిలోంచే ‘మనలో మనం ప్రశ్నలు వేసుకోకూడదు’ అనే అలవాటు కూడా పుడుతుంది. ప్రశ్న వేసి చీవాట్లు తిన్న మనిషి ఒక పున్నమికి రాడు. రెండో పున్నమికీ రాడు. మూడో పున్నమికి ఆయన గురించి అడిగేవాళ్లుండరు. ఇట్లా చప్పుడు లేకుండా జారిపోయినవాళ్లు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేసుకుని ఈ పాఠం చదవండి.

కళ్లెదుట ఉన్నదాన్ని కాదనిపించే బలం

గుంపు ఒత్తిడి పిరికివాళ్ల మీదే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చదువుకున్నవాళ్ల మీద, ధైర్యస్తుల మీద కూడా పనిచేస్తుంది.

1950ల తొలి రోజుల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కళాశాల విద్యార్థులతో కొన్ని ప్రయోగాలు చేశాడు. ఒక గదిలో ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి రెండు కార్డులు చూపించాడు. ఒకదాని మీద ఒకే గీత. రెండోదాని మీద మూడు గీతలు. మొదటి గీతతో సమానమైన గీత ఆ మూడింటిలో ఏదో చెప్పాలి. చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు. కిటుకు ఎక్కడుందంటే, ఆ గదిలో నిజంగా పరీక్షకు వచ్చినవాడు ఒక్కడే. మిగతావాళ్లందరితో ఆష్ ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. వాళ్లు కొన్నిసార్లు కావాలనే అందరూ కలిసి ఒకే తప్పు జవాబు చెప్పేవాళ్లు.

ఫలితం చూడండి. మామూలుగా నూటికి ఒక్క తప్పు కూడా రాని ఆ పనిలో, గుంపు మధ్య కూర్చున్నప్పుడు చెప్పిన జవాబుల్లో సుమారు 37 శాతం తప్పులయ్యాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపు చెప్పిన తప్పునే తామూ చెప్పారు. అక్కడ ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు. లొంగకపోతే పోయేదేమీ లేదు. అయినా కళ్లకు కనిపిస్తున్నదాన్ని నోరు కాదంది.

ఇంకో సంగతి కూడా ఆ ప్రయోగాల్లోనే తేలింది. ఆ గదిలో ఇంకొక్క మనిషి నిజం చెబితే చాలు, తప్పు జవాబులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఈ మాట మనసులో పెట్టుకోండి. పాఠం చివర్లో దీనితో మనకు పని ఉంది.

గీతల పొడవు విషయంలోనే మనిషి ఇంత తడబడితే, బతుకుతెరువు, పిల్లల పెళ్లిళ్లు, చావుకు మోసేవాళ్లు, ఇవన్నీ గుంపు చేతిలో ఉన్నప్పుడు ఎంత తడబడతాడో ఆలోచించండి.

వెలి అనే ఆయుధం

ఈ తడబాటును కులం ఒక ఆయుధంగా మార్చుకుంది. దాని పేరు వెలి. కట్టుబాటు దాటినవాణ్ని కొట్టాల్సిన పని కూడా ఉండదు. పలకరించొద్దు, పనికి పిలవొద్దు, దుకాణంలో సరుకు ఇవ్వొద్దు, పెళ్లికీ చావుకీ వెళ్లొద్దు అంటే చాలు, మనిషి కాళ్లబేరానికి వస్తాడు. బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’ పుస్తకంలో ఈ సంగతిని విడమర్చి చెప్పారు. సంస్కరణ కోరే మనిషిని అణచడానికి కులం చేతిలో ఇంతకు మించిన సాధనం లేదనీ, శిక్షగా చూస్తే వెలికీ మరణానికీ పెద్ద తేడా లేదనీ ఆయన వాదన.

ఆ పుస్తకం పుట్టుకే గుంపు ఒత్తిడికి లొంగకపోవడంలోంచి వచ్చింది. 1936లో లాహోరుకు చెందిన జాత్ పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు అధ్యక్షుడిగా ఆయన్ని పిలిచింది. అది కులం పోవాలని కోరుకునే సంస్కర్తల సంఘమే. ప్రసంగం ప్రతి ముందే చూసి, హిందూ ధర్మ గ్రంథాల మీద విమర్శను తగ్గించమని కోరింది. ఆయన ఒప్పుకోలేదు. సభే రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్నారు. సభ, అధ్యక్ష పీఠం, చప్పట్లు అన్నీ పోయాయి, మాట మిగిలింది. ఆ మాటే ఇవాళ మనం చదువుకుంటున్నాం. ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఒత్తిడి తెచ్చింది శత్రువులు కాదు, కుల నిర్మూలన కోరే మిత్రులే. మంచి ఆశయం ఉన్న సంఘం కూడా గుంపులా ప్రవర్తించగలదు.

వెలి ఇవాళ్టికీ పోలేదు. నిజామాబాద్ వైపు పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కుటుంబాల్ని బహిష్కరించిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఎస్సీ, ఎస్టీల మీద ఇతరులు సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడాన్నీ, విధిస్తామని బెదిరించడాన్నీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ నేరంగా పేర్కొంది. మహారాష్ట్ర 2016లో ఇంకో అడుగు ముందుకేసి, ఏ కులమైనా ఏ సమాజమైనా తన సొంత మనిషిని వెలివేయడం కూడా నేరమేనని ప్రత్యేక చట్టం చేసింది. తరతరాలుగా ఊరి బయట ఉంచబడ్డవాళ్లం మనం. వెలి అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే ఆ ఆయుధం మన చేతికి వచ్చినప్పుడు దాన్ని పట్టుకోకుండా ఉండాల్సిన బాధ్యత మనకే ఎక్కువ.

తథాగతుడు ఏం చేశాడు?

ఇప్పుడు ధమ్మంలోకి వద్దాం. బుద్ధుడి జీవితంలోంచి మూడు సందర్భాలు చూద్దాం.

మొదటిది కేసపుత్త. కోసల రాజ్యంలో ఆ ఊళ్లో కాలాములనే ప్రజలు ఉండేవాళ్లు. ‘మా ఊరికి ఎందరో గురువులు వస్తున్నారు, ప్రతి ఒక్కరూ తన మాటే గొప్పదంటారు, పక్కవాడి మాటను తీసిపారేస్తారు, ఎవర్ని నమ్మాలి?’ అని వాళ్లు బుద్ధుణ్ని అడిగారు. సందేహం రావడం సహజమేనని ముందు ఆయన వాళ్లకు ధైర్యం చెప్పాడు. తర్వాత, ఇవి మాత్రమే ఆధారంగా దేన్నీ ఒప్పుకోవద్దంటూ పది చెప్పాడు. వాటిలో విన్నామన్నది ఉంది, తరతరాలుగా వస్తోందన్నది ఉంది, లోకమంతా అనుకుంటోందన్నది ఉంది, గ్రంథంలో ఉందన్నది ఉంది. చివరిది అన్నిటికన్నా గట్టిది: చెప్పేవాడు మా గురువు అన్న కారణంతో కూడా ఒప్పుకోవద్దన్నాడు.

ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. కాలామ సుత్తాన్ని కొందరు ‘నీకు నచ్చినట్టు చెయ్’ అని చదువుతారు. అది సగం చదువు. ఈ పని లోభంలోంచి వస్తోందా, ద్వేషంలోంచా, మోహంలోంచా? దీనివల్ల నాకూ ఇతరులకూ మేలా, కీడా? వివేకవంతులు దీన్ని మెచ్చుతారా, తప్పుపడతారా? ఇవన్నీ చూసుకుని, స్వయంగా తెలుసుకుని నడవమన్నాడు. గుంపును గుడ్డిగా నమ్మడాన్ని కాదన్నాడు, తన ఇష్టాన్ని గుడ్డిగా నమ్మడాన్నీ కాదన్నాడు.

రెండోది ఉపాలి గృహపతి. ఈయన నాలందాలో సంపన్నుడు, నిగంఠులకు, అంటే జైన మునులకు, పెద్ద అండ. బుద్ధుణ్ని వాదంలో ఓడిద్దామని వచ్చి, ఆయన మాటలు విని అక్కడికక్కడే ఉపాసకుణ్ని అవుతానన్నాడు. ఊళ్లో పెద్దమనిషి తమవైపు వస్తానంటే ఏ గుంపైనా ఏం చేస్తుంది? దండ వేస్తుంది, ఊరేగిస్తుంది. బుద్ధుడు మాత్రం, బాగా ఆలోచించుకో, నీలాంటి పేరున్నవాళ్లు బాగా విచారించుకునే అడుగు వేయాలి అన్నాడు. అంతటితో ఆగలేదు. ఇన్నాళ్లూ నీ ఇంటి నుంచి నిగంఠులకు భిక్ష అందుతోంది, దాన్ని ఆపవద్దు అని కూడా చెప్పాడు. పాత సంబంధాల్ని తెంచుకోవడాన్ని ఆయన దీక్షకు షరతుగా పెట్టలేదు.

మూడోది దేవదత్తుడి ఐదు నియమాలు. ఇది మనకు చాలా అవసరమైన కథ. భిక్షువులంతా జీవితాంతం అడవిలోనే ఉండాలి, భిక్షాన్నమే తినాలి, పారేసిన గుడ్డలే కట్టుకోవాలి, చెట్టు కిందే పడుకోవాలి, చేపా మాంసమూ ముట్టకూడదు అని ఐదు నియమాల్ని అందరికీ తప్పనిసరి చేయమని దేవదత్తుడు బుద్ధుణ్ని కోరాడు. ఇష్టమున్నవాళ్లు అట్లా ఉండొచ్చు, అందరి మీదా రుద్దడం కుదరదు అన్నాడు బుద్ధుడు. అప్పుడు దేవదత్తుడు ‘చూశారా, మేం నిష్ఠగలవాళ్లం, ఆయన సుఖానికి అలవాటుపడ్డాడు’ అని ప్రచారం మొదలుపెట్టాడు. ఓటు వేయించాడు. వేసాలి నుంచి కొత్తగా వచ్చిన 500 మంది వజ్జి భిక్షువులు, ఇదే అసలైన ధమ్మమనుకుని ఆయన వెంట వెళ్లిపోయారు.

ఎవరు వెళ్లారో గమనించండి. కొత్తగా వచ్చినవాళ్లు. కొత్తవాళ్లకు తాము నిజమైనవాళ్లమని నిరూపించుకోవాలన్న తొందర ఉంటుంది. ఎవడు ఎక్కువ కఠినంగా మాట్లాడితే వాడే గొప్పవాడనిపిస్తాడు. మనం కూడా ధమ్మంలో కొత్తవాళ్లమే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు, ఆ వెంటనే లక్షల మందికి ఇచ్చారు. దాన్ని లెక్కేసుకుంటే మనలో చాలా ఇళ్లలో ఇది ఒకటో తరం, మహా అయితే మూడో తరం.

ఆ 500 మంది సంగతి ఏమైంది? సారిపుత్తుడు, మొగ్గల్లానుడు వాళ్ల దగ్గరికి వెళ్లి ధమ్మం బోధించి వెనక్కి తీసుకొచ్చారు. వీళ్లకు మళ్లీ మొదటి నుంచి దీక్ష ఇవ్వాలేమో అని సారిపుత్తుడు అంటే, అక్కర్లేదు, తప్పు ఒప్పుకుంటే చాలు అన్నాడు బుద్ధుడు. వెలి లేదు, దండుగ లేదు, నలుగురిలో అవమానం లేదు.

మరి కట్టుబాటే వద్దా?

మీకు ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. ‘ఇట్లా ఎవరిష్టం వాళ్లదంటే సంఘం నిలుస్తుందా? 22 ప్రతిజ్ఞలు చేసినవాడు మళ్లీ పోచమ్మకు కోడిని కోస్తే చూస్తూ ఊరుకోవాలా? బుద్ధుడు కూడా భిక్షు సంఘానికి నియమాలు పెట్టాడు కదా?’

న్యాయమైన సందేహమే. నియమాలు పెట్టాడు. కానీ ఆ నియమాలకూ గుంపు ఒత్తిడికీ తేడా ఉంది. వినయ నియమాలు అందరికీ ముందే తెలుసు, పెద్దకూ చిన్నకూ ఒకటే. సంఘంలోకి రావాలంటే మనిషే స్వయంగా అడగాలి. వెళ్లిపోవాలనుకుంటే చెప్పి వెళ్లిపోవచ్చు. ఒకరి మీద ఆరోపణ వస్తే ఆ మనిషి ఎదుట ఉండగానే విచారించాలి, లేనప్పుడు తీర్పు చెప్పకూడదు. ముఖ్యమైన నిర్ణయాల్ని మూడుసార్లు ప్రకటించి, అభ్యంతరం ఉన్నవాళ్లు మాట్లాడటానికి అవకాశం ఇవ్వాలి. మౌనమే అంగీకారం, కానీ మాట్లాడటానికి మూడుసార్లు తలుపు తెరిచిన తర్వాతే. గుంపు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దాని నియమం ఎక్కడా రాసి ఉండదు, మనిషిని బట్టి మారుతుంది, తీర్పు మనిషి వెనకాల జరుగుతుంది.

ఇక 22 ప్రతిజ్ఞలు. వాటిని మళ్లీ ఒకసారి తీసి చదవండి. అన్నిటిలోనూ మాట్లాడే మనిషి ‘నేను’. నేను పూజించను, నేను నమ్మను, నేను పాటిస్తాను. ఫలానా వాళ్ల చేత పాటింపజేస్తాను, పక్కింటి గోడ మీద పటాలు లెక్కబెడతాను అన్న ప్రతిజ్ఞ అందులో ఎక్కడా లేదు. ప్రతిజ్ఞ మనిషి తనకు తాను ఇచ్చుకున్న మాట. దాన్ని గుర్తు చేయడం మిత్రుడి పని. కాపలా కాయడం ఎవరి పనీ కాదు.

గుర్తు చేయడానికి కూడా పద్ధతి చెప్పాడు బుద్ధుడు. ఇంకొకరి తప్పు ఎత్తిచూపే ముందు ఐదు చూసుకోవాలి: ఇది సరైన సమయమా? చెప్పేది నిజమా? మాట మృదువుగా ఉందా? ఆ మనిషికి మేలు చేస్తుందా? నా మనసులో మైత్రి ఉందా? ఈ ఐదూ లేకుండా పదిమందిలో అడిగే ప్రశ్న ధమ్మ సేవ కాదు, ఎదుటి మనిషిని చిన్నబుచ్చడమే.

ఒత్తిడి తప్పనిసరైన సందర్భం కూడా ఒకటి ఉంది. కోసంబిలో, కాలకృత్యాల పాత్రలో నీళ్లు మిగిల్చిన చిన్న విషయం మీద భిక్షువులు రెండు వర్గాలై, బుద్ధుడు చెప్పినా వినకుండా కొట్లాడుకున్నారు. ఆయన వాళ్లను విడిచి అడవికి వెళ్లిపోయాడు. అప్పుడు ఊళ్లోని ఉపాసకులు ఆ భిక్షువులకు నమస్కరించడం మానేశారు, భిక్ష పెట్టడం మానేశారు. దాంతో భిక్షువులు దిగివచ్చి రాజీపడ్డారు. ఆ ఒత్తిడి ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూడండి. మామూలు మనుషుల నుంచి పీఠం మీద ఉన్నవాళ్ల వైపు వెళ్లింది. ఒంటరి మనిషి మీద పడలేదు. కొట్లాట ఆగగానే అది కూడా ఆగిపోయింది.

కాబట్టి ఇతరులకు హాని చేసే పని, అంటే హింస, విరాళాల దొంగతనం, ఆడవాళ్లను వేధించడం, కులం పాటించడం, ఇలాంటివి జరిగితే సంఘం తప్పకుండా కల్పించుకోవాలి. ముఖాముఖి విచారించాలి, అవసరమైతే పదవి నుంచి తప్పించాలి. మనిషి నమ్మకం, మెడలో తాడు, నుదుటి బొట్టు, బంధువుల పెళ్లికి వెళ్లడం, ఇవి ఆ జాబితాలోకి రావు.

ఇంట్లో, వాడలో

బయటి ఒత్తిడి కూడా మనకు తక్కువేమీ కాదు. బోనాలు వస్తే ‘వాడంతా ఎత్తుకుంటే నీకొక్కదానికేమైంది’ అంటారు. చర్చికి వెళ్లే తమ్ముడు ‘ప్రార్థనకు రాకపోతే చెల్లి పెళ్లికి నేను రాను’ అంటాడు. ‘బౌద్ధం తీసుకుంటే రిజర్వేషన్ పోతుంది’ అని ఇంకొకరు భయపెడతారు.

భయానికి మందు నిజం తెలుసుకోవడమే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించేలా సవరించారు. బౌద్ధం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాల వాళ్లకు ఆ హోదా చట్టప్రకారం కొనసాగుతుంది. ఈ ఒక్క మాట నలుగురిలో స్పష్టంగా చెప్పగలిగితే సగం పుకార్లు ఆగిపోతాయి.

బంధువుల దగ్గర ఉపాలిని గుర్తు చేసుకోండి. మనుషులతో కూర్చోవడం వేరు, పూజ చేయడం వేరు. అక్క ఇంట్లో పండుగకు వెళ్లి అన్నం తినొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పళ్లెం కడిగి రావచ్చు. హారతి పళ్లెం వచ్చినప్పుడు మాత్రం, ‘అక్కా, నేను మొక్కను, నువ్వు ఏమీ అనుకోకు’ అని మెత్తగా చెప్పొచ్చు. మొదటిసారి మొహం ముడుచుకుంటుంది. రెండోసారి అలవాటవుతుంది. కోపంతో తెంచుకున్న సంబంధం కన్నా, కలిసి ఉంటూ కాదన్న మాటే ఇంట్లోవాళ్లను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఇక్కడ ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అత్తవారి వైపు ‘పసుపుతాడు తీస్తే ఊరుకోం’ అంటారు. విహారం వైపు ‘ఇంకా తాడు వేసుకుని వస్తావా’ అంటారు. కట్టించడం ఒక ఒత్తిడి అయితే తీయించడం ఇంకో ఒత్తిడి. రెండు వైపులా మాట్లాడేది ఎక్కువగా మగవాళ్లే, మెడ మాత్రం ఆమెది. తన అవగాహనతో, తన సమయంలో తీసేసిన తాడు మళ్లీ మెడలోకి రాదు. మన మాట పడలేక తీసిన తాడు ఇంటికి వెళ్లగానే మెడలోకి వస్తుంది. అంతే కాదు, ఆమె మనతో అబద్ధం చెప్పడం నేర్చుకుంటుంది. పంచశీలాల్లో నాలుగోది అసత్యం వదలడం. మనుషుల చేత అబద్ధమాడించే ఒత్తిడి ఆ శీలాన్ని మనమే పోగొడుతున్నట్టు.

మన సమావేశాల్లో ఏం చేయొచ్చు?

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ ఒక సంగతి గుర్తుచేశారు. తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు, రహస్య ఓటు లాంటి పద్ధతులు బౌద్ధ భిక్షు సంఘాలకు ఎప్పుడో తెలుసని. అదే ప్రసంగంలో రాజకీయాల్లో వ్యక్తి పూజ నియంతృత్వానికి దారితీస్తుందని కూడా హెచ్చరించారు. ఆ రెండు మాటల్నీ కలిపి మన విహారాల్లో ఆచరణలో పెట్టుకుందాం.

ఒకటి, మాట్లాడే వరస మార్చండి. అధ్యక్షుడు ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఆయన్నే అనుసరిస్తారు. పిల్లలు, ఆడవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు ముందు మాట్లాడాలి. పెద్దలు చివర మాట్లాడాలి.

రెండు, డబ్బు విషయాల్లో, ఎన్నికల్లో చేతులెత్తించకండి, చీటీలు రాయించండి. వినయంలో శలాకలు అనే పుల్లలతో ఓటు వేసేవాళ్లు. బహిరంగంగా వేయడం, చెవిలో చెప్పడం, రహస్యంగా వేయడం అని మూడు పద్ధతులుండేవి. రహస్య పద్ధతి ఎందుకు పుట్టిందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

మూడు, ప్రతి పున్నమికీ జమాఖర్చు చదవండి. అడిగేవాళ్లు లేకపోయినా చదవండి. లెక్కలు అడగడం అనుమానించడమనే అభిప్రాయం అప్పుడే పోతుంది.

నాలుగు, ఏడాదికోసారి పవారణ జరపండి. వర్షావాసం చివర భిక్షువులు ఒకరినొకరు ‘నాలో తప్పు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానించి ఉంటే చెప్పండి’ అని కోరుకునే ఆచారం అది. ఒకసారి పవారణ రోజున బుద్ధుడే 500 మంది భిక్షువుల ఎదుట, నా నడతలో, మాటలో తప్పుపట్టాల్సింది ఏమైనా ఉందా అని అడిగాడు. తథాగతుడే అడిగినప్పుడు మన జిల్లా అధ్యక్షుడు, మన కార్యదర్శి, మన ఉపన్యాసకుడు అడగడానికి సిగ్గేముంది? పదవుల్లో ఉన్నవాళ్లే ముందు అడగాలి.

ఐదు, రెండో గొంతు కండి. ఆష్ ప్రయోగాన్ని మర్చిపోలేదు కదా? పక్కన ఒక్కరు నిలబడితే గుంపు బలం మూడొంతులు పోయింది. సమావేశంలో ఎవరైనా లేచి ఒక ప్రశ్న వేశారు, అందరూ చిరాకుపడ్డారు. మీరు ఆ ప్రశ్నతో ఏకీభవించనక్కర్లేదు. ‘ఆమె అడిగిందానికి జవాబు వినాలని నాకూ ఉంది’ అంటే చాలు. ధమ్మంలో కల్యాణమిత్రుడు అంటే ఎవరు అని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

ఆఖరి మాట

మన నేల మీదే దీనికి సాక్ష్యం ఉంది. నాగార్జునకొండ లోయలో దొరికిన శాసనాల్లో అపరమహావినసేలియ, బహుశ్రుతీయ, మహీశాసక శాఖల పేర్లతో పాటు సింహళ మహావిహార సంప్రదాయానికి చెందిన ఆచార్యుల ప్రస్తావన కూడా ఉంది. వేర్వేరు సిద్ధాంతాలవాళ్లు ఒకే లోయలో వేర్వేరు విహారాలు కట్టుకుని, ఒకే రాజ్యంలో దాతల దానాలు అందుకున్నారు. అభిప్రాయం ఒకటి కాకపోయినా పక్కపక్కనే బతకొచ్చని మన పూర్వ బౌద్ధులకు తెలుసు.

బాబాసాహెబ్ 1935లో యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించారు. దీక్ష తీసుకున్నది 1956లో. మధ్యలో 21 ఏళ్లు. ఎందరు తొందరపెట్టినా, ఎన్ని మతాలవాళ్లు పిలిచినా, చదివి, తూచి, తనకు నమ్మకం కుదిరాకే అడుగు వేశారు. అంత గడువు తాను తీసుకున్న మనిషి అనుచరులం మనం. మన పక్కింటి చెల్లెమ్మకు, ప్రశ్నలడిగే కుర్రవాడికి, పోయిన నెల నుంచి రాని పెద్దాయనకు ఒక ఏడాది గడువు ఇవ్వలేమా?

సంఘానికీ గుంపుకూ తేడా తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మీ సమావేశంలో ఒక మనిషి అందరి మాటనూ కాదన్న తర్వాత, అదే రోజు అందరితో కలిసి ఒకే బంతిలో కూర్చుని, నవ్వుతూ భోజనం చేయగలిగితే అది సంఘం. మనం శరణు కోరింది దాన్నే.

మీ విహారంలో చర్చించండి

1. గత ఏడాదిలో మన సమావేశాలకు రావడం మానేసినవాళ్లు ఎవరు? కారణం వాళ్లనే అడిగామా, మనమే ఊహించుకున్నామా?

2. మన సంఘంలో రాసి ఉన్న నియమాలేవి? రాయకుండానే నడుస్తున్న నియమాలేవి?

3. లెక్కలు అడిగిన మనిషికి మనం ఏ పేరు పెట్టాం?

4. వచ్చే పున్నమికి ముందుగా ఎవరి చేత మాట్లాడిద్దాం?

నాలుగో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాసుకుని, ఈ వారంలోనే వాళ్ల ఇంటికి వెళ్లి రండి.

జై భీమ్! నమో బుద్ధాయ!